సర్వర్‌లో గౌతమి లేదు: పీడీఎఫ్‌లో తెలుగు ఫాంటు మారిపోతోంది, పేజీలు పెరుగుతున్నాయి

పత్రలేఖ
అందరికీ నమస్కారం. ఒక సహకార సంఘానికి లోను నోటీసులు తయారుచేసే అప్లికేషన్ మా టీమ్ చూసుకుంటోంది. టెంప్లేట్ వర్డ్‌లో ఉంటుంది. సభ్యుడి పేరు, బాకీ, గడువు తేదీ అందులో నింపి, ఉబుంటు సర్వర్‌లో లిబ్రెఆఫీస్‌ను హెడ్‌లెస్‌గా, అంటే విండో తెరవకుండా, నడిపి పీడీఎఫ్ తీస్తాం. తెలుగుకి గౌతమి ఫాంటు, ఇంగ్లిష్‌కి కాలిబ్రి.

విండోస్ ల్యాప్‌టాప్‌లో నోటీసు సరిగ్గా ఒక పేజీ. సర్వర్‌లో తీస్తే రెండు పేజీలు వస్తోంది. రెండో పేజీలో "కార్యదర్శి" అన్న సంతకం లైను ఒక్కటే ఉంటుంది. ఇంకో సర్వర్‌లో అయితే తెలుగు అక్షరాల బదులు మొత్తం ఖాళీ డబ్బాలే. ఎక్కడా ఎర్రర్ లేదు, లాగ్‌లో ఒక్క ముక్క లేదు. మైక్రోసాఫ్ట్ కోర్ ఫాంట్ల ప్యాకేజీ వేసి చూశాం, ఏ మార్పూ లేదు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

కొండపల్లి_కోడ్
ముందు రెండు సంగతులు చెప్పండి. రెండు సర్వర్లలోనూ ఎఫ్‌సీ-మ్యాచ్ కమాండుకి (అడిగిన పేరుకి సిస్టమ్ ఏ ఫాంటు ఇస్తుందో చెప్పేది) "గౌతమి" అని ఇస్తే ఏం వస్తోంది? అదే పేరు పక్కన భాష తెలుగు అని కూడా ఇస్తే ఏం వస్తోంది? రెండోది, వచ్చిన పీడీఎఫ్ మీద పీడీఎఫ్‌ఫాంట్స్ నడిపి ఆ పట్టిక ఇక్కడ పెట్టండి. పీడీఎఫ్‌లో ఏ ఫాంట్లున్నాయో చూపే కమాండు అది, పాప్లర్ టూల్స్‌తో పాటే వస్తుంది.

కోర్ ఫాంట్ల ప్యాకేజీ ఇక్కడ పనికిరాదు. ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్, కొరియర్ న్యూ, వెర్డానా, జార్జియా లాంటి పాత వెబ్ ఫాంట్లే అందులో ఉంటాయి. గౌతమి లేదు, కాలిబ్రి కూడా లేదు.

పత్రలేఖ
మొదటి సర్వర్: గౌతమి అని అడిగితే డెజావు సాన్స్ అంటోంది. భాష తెలుగు అని చేరిస్తే లోహిత్ తెలుగు. పీడీఎఫ్ పట్టికలో రెండు పేర్లున్నాయి, డెజావు సాన్స్, లోహిత్ తెలుగు. రెండింటి ముందూ బీఏఏఏఏఏ, సీఏఏఏఏఏ అని ఏవో అక్షరాలు, ప్లస్ గుర్తు. ఎంబెడ్ అయ్యాయా, అంటే ఫైలు లోపలే ఉన్నాయా, అన్న కాలమ్‌లో రెండింటికీ "అవును" అనే ఉంది.

రెండో సర్వర్: రెండు ప్రశ్నలకూ డెజావు సాన్సే.

ఎంబెడ్ అయ్యాయి అంటోంది కదా, మరి ఫాంటు ఎందుకు మారింది? నాకు అర్థం కానిది ఇదే.

లిపిమిత్ర
పత్రలేఖ గారూ, మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడదాం.

ఫాంటు మారడం రెండు వేర్వేరు సమయాల్లో జరగొచ్చు. వర్డ్ ఫైలును పేజీలుగా పేర్చేటప్పుడు ఒకటి, తయారైన పీడీఎఫ్‌ను ఎవరో తెరిచేటప్పుడు ఇంకొకటి. మీకు జరిగింది మొదటిది. లిబ్రెఆఫీస్ పేజీ పేర్చేసరికే గౌతమి లేదు, దాని స్థానంలో లోహిత్ వచ్చి కూర్చుంది. ఆ లోహిత్‌నే పీడీఎఫ్‌లో పెట్టింది. "ఎంబెడ్: అవును" అంటే ఏ ఫాంటు వాడిందో అది లోపల ఉంది అని మాత్రమే, మీరు కోరిన ఫాంటు ఉంది అని కాదు. ముందున్న ఆరు అక్షరాలు, ప్లస్ గుర్తు దేనికంటే, ఫాంటు మొత్తం కాకుండా వాడిన అక్షరాలు మాత్రమే లోపల పెట్టామని చెప్పడానికి.

లినక్స్‌లో ఈ ఎంపిక చేసేది ఫాంట్‌కాన్ఫిగ్. దాన్ని ఏ పేరు అడిగినా "లేదు" అనదు. మీరు నోటికొచ్చిన పేరు ఇచ్చినా ఏదో ఒక ఫాంటు చేతిలో పెడుతుంది, చాలా డిస్ట్రోల్లో అది డెజావు సాన్స్. అందుకే మీకు ఎర్రర్ రాలేదు. డెజావు సాన్స్‌లో తెలుగు అక్షరాలు లేవు. అప్పుడు లిబ్రెఆఫీస్ రెండో మెట్టు ఎక్కుతుంది: ఈ అక్షరాలున్న ఫాంటు మిషన్‌లో ఇంకేదైనా ఉందా అని వెతుకుతుంది. మొదటి సర్వర్‌లో లోహిత్ దొరికింది. రెండో దాంట్లో ఏమీ దొరకలేదు, కాబట్టి డబ్బాలు.

రెండు సర్వర్లలో రెండు రకాల ఫలితం రావడానికి కారణం ఇంతే. టెంప్లేట్‌లో తేడా లేదు, వేసిన ప్యాకేజీల్లో తేడా ఉంది. రేపు ఎవరో మూడో తెలుగు ఫాంటు వేస్తే మొదటి సర్వర్‌లో కూడా ఫలితం మారొచ్చు. నా దృష్టిలో డబ్బాల కంటే ప్రమాదం అదే. డబ్బాలు ఎవరి కంటికైనా కనిపిస్తాయి. లోహిత్ వచ్చిన నోటీసు చూడ్డానికి బాగానే ఉంటుంది, సంతకం రెండో పేజీకి పోయిందని సభ్యుడి చేతికి చేరాక తెలుస్తుంది.

పేజీ పెరగడంలో ఇంగ్లిష్‌కీ వాటా ఉంది. కాలిబ్రి స్థానంలో డెజావు వచ్చింది, కాలిబ్రితో పోలిస్తే అది చాలా వెడల్పు. కార్లిటో ప్యాకేజీ వేయండి, కాలిబ్రి అక్షరాల వెడల్పులకు సరిపోయేలా చేసిన ఫాంటు అది. కాంబ్రియాకి కేలడియా, ఏరియల్‌కీ టైమ్స్‌కీ లిబరేషన్ ఫాంట్లు ఇలాంటివే. ఈ జోడీల పట్టిక ఫాంట్‌కాన్ఫిగ్‌లో ముందే ఉంటుంది, ప్యాకేజీ వేస్తే చాలు. కానీ ఇదంతా ఇంగ్లిష్ వరకే, ఈ ఫాంట్లలో తెలుగు ఉండదు.

ఊరిపిల్లాడు
ఇంత అవసరమా అన్నా? విండోస్ ఫాంట్స్ ఫోల్డర్‌లోంచి గౌతమి ఫైలు కాపీ చేసి సర్వర్‌లో పడేసి ఫాంట్ల జాబితాను తాజా చేసే ఎఫ్‌సీ-క్యాష్ కొడితే అయిపోతుంది కదా. మా ఆఫీసులో అదే చేశారు.

కొండపల్లి_కోడ్
పనిచేస్తుంది తమ్ముడూ, కానీ చేయకూడదు. గౌతమి విండోస్ ఎక్స్‌పీ నుంచి విండోస్‌తో పాటు వస్తున్న ఫాంటు, దాని లైసెన్సు విండోస్‌కి కట్టుబడి ఉంటుంది. డాక్యుమెంటు లోపల ఎంబెడ్ చేయడం వేరు, ఫైలు తీసుకెళ్లి వేరే సర్వర్‌లో ఇన్‌స్టాల్ చేయడం వేరు. సహకార సంఘానికి ఆడిట్ ఉంటుంది. రేపు ఎవరైనా అడిగితే సమాధానం చెప్పాల్సింది పత్రలేఖ గారి టీమే.

విండోస్ వైపు కూడా గౌతమి స్థిరంగా ఉండదు. విండోస్ 7తో వాణి వచ్చింది, విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ వచ్చింది. విండోస్ 10లో గౌతమి అదనపు ఫాంట్ల ప్యాకేజీలోకి పోయింది, తెలుగు భాష జోడించని ల్యాప్‌టాప్‌లో అది ఉండకపోవచ్చు. మీ డిజైనర్ స్క్రీన్ మీద కనిపిస్తున్నది నిజంగా గౌతమేనా అన్నది కూడా ఒకసారి చూసుకోండి.

పత్రలేఖ
మంచి మాట చెప్పారు. టెంప్లేట్ చేసినావిడను అడిగితే "నేను గౌతమి ఎంచుకోనే లేదు, దానంతట అదే వచ్చింది" అంటున్నారు. అలా ఎలా వస్తుంది?

లిపిమిత్ర
ఆవిడ చెప్పింది నిజమే. డాక్స్ ఫైలు పేరు చివర జిప్ అని మార్చి తెరవండి. థీమ్ ఫోల్డర్‌లో థీమ్1 ఎక్స్‌ఎంఎల్ ఉంటుంది. అందులో ఒక్కో లిపికి ఒక్కో ఫాంటు రాసిన వరుసలు కనిపిస్తాయి. తెలుగు లిపి ఎదురుగా గౌతమి అని ఉంటుంది. ఆఫీస్ థీమ్‌తో పాటు వచ్చే వరుస అది. సెట్టింగ్స్‌లో థీమ్ భాష తెలుగు అని ఉంటే, ఎవరూ ఎంచుకోకపోయినా తెలుగు భాగానికి ఆ పేరే పడుతుంది.

ఇంకొకటి. వర్డ్‌లో ప్రతి ముక్కకూ ఫాంటు నాలుగు స్లాట్లలో ఉంటుంది. మామూలు లాటిన్‌కి రెండు, తూర్పు ఆసియా లిపులకు ఒకటి, కాంప్లెక్స్ స్క్రిప్టులకు (అక్షరాలు కలిసి రూపం మారే లిపులకు) ఒకటి. తెలుగు వాడుకునేది ఈ చివరిదాన్ని. టెంప్లేట్‌లో ఫాంటు మార్చాం, అయినా సర్వర్‌లో మారలేదు అని చాలామంది మొత్తుకునేది ఇక్కడే. మారింది లాటిన్ స్లాటు, తెలుగు స్లాటులో పాత పేరు అలాగే ఉంది. లిబ్రెఆఫీస్‌లో కూడా క్యారెక్టర్ డైలాగ్‌లో వెస్టర్న్ ఫాంటు, సీటీఎల్ (కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్) ఫాంటు అని విడిగా ఉంటాయి. సీటీఎల్ విభాగం కనపడకపోతే భాషల సెట్టింగుల్లో ఆన్ చేయాలి. స్టైల్స్ ఎక్స్‌ఎంఎల్, డాక్యుమెంట్ ఎక్స్‌ఎంఎల్ రెండింట్లోనూ ఆర్‌ఫాంట్స్ అని వెతికి, సీఎస్ (కాంప్లెక్స్ స్క్రిప్ట్ స్లాటు) దగ్గర ఏ పేరుందో కళ్లతో చూడండి.

నా సలహా: టెంప్లేట్‌నే స్వేచ్ఛా లైసెన్సు ఉన్న తెలుగు ఫాంటుకి మార్చేయండి. నోటో సాన్స్ తెలుగు గానీ నోటో సెరిఫ్ తెలుగు గానీ నోటీసుకి బాగుంటాయి. డిజైనర్ ల్యాప్‌టాప్‌లోనూ సర్వర్‌లోనూ ఒకే వెర్షన్ ఫైలు ఉండాలి. వేరియబుల్ ఫాంటు (అన్ని బరువులూ ఒకే ఫైలులో ఉండేది) వద్దు, విడివిడి బరువుల స్టాటిక్ ఫైళ్లు తీసుకోండి. వేరియబుల్ ఫాంటును పీడీఎఫ్‌లో సరిగ్గా పెట్టే సదుపాయం లిబ్రెఆఫీస్‌కి 7.5తో వచ్చింది, సర్వర్లలో అంతకంటే పాతవి ఇంకా చాలా ఉన్నాయి.

సత్యం_డీటీపీ
మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. నేను ప్రెస్సు పని చేస్తాను. లిపిమిత్ర గారు చెప్పిందంతా యూనికోడ్ ఫైళ్లకు, అంటే తెలుగు అక్షరాలకు సొంత కోడ్లు ఉన్నవాటికి, సరిపోతుంది. సహకార సంఘం అంటున్నారు కాబట్టి పాత ఫైళ్లు కూడా వస్తాయి మీకు. వాటిలో సగానికి సగం అను అనే పాత డీటీపీ ఫాంట్లలో చేసినవే ఉంటాయి. అక్కడ ఈ పద్ధతి ఏదీ పనిచేయదు.

అను ఫాంట్లలో తెలుగు అక్షరాలు కూర్చున్నది ఇంగ్లిష్, యూరప్ అక్షరాల కోడ్ల మీద. ఫైలు లోపల ఉన్నది తెలుగు కాదు, లాటిన్ అక్షరాల వరుస. ఆ ఫాంటు ఉన్నంతసేపే అది తెలుగులా కనిపిస్తుంది. ఫాంటు లేకపోతే పైన చుక్కలు, గీతలు ఉన్న యూరప్ అక్షరాలు బయటపడతాయి. అక్కడ నోటో పెట్టినా, పోతన పెట్టినా, ఇంకేది పెట్టినా తెలుగు రాదు. దయచేసి అను పేరుకి నోటో అని ప్రత్యామ్నాయం మాత్రం రాయకండి. పేజ్‌మేకర్‌లో ఇది రోజూ చూసేవాళ్లం. ఫాంటు లేని మిషన్‌లో ఫైలు తెరిస్తే పానోస్ మ్యాచింగ్ అని ఒక డైలాగ్ వచ్చి, ఆకారంలో దగ్గరగా ఉన్న ఫాంటు అంటూ ఏదో చూపించేది. చూసుకోకుండా ఓకే కొట్టారంటే ఆ పేజీ గతి అంతే.

అను నుంచి యూనికోడ్‌కి కన్వర్టర్లు ఉన్నాయి. అను 6కీ 7కీ మ్యాపింగ్ (ఏ కోడ్ ఏ తెలుగు అక్షరమో చెప్పే పట్టిక) వేరు, ఏ వెర్షనో తెలుసుకుని మార్చాలి. మార్చాక ఎవరో ఒకరు కూర్చుని చదవాల్సిందే. పేర్లు, ఇంటిపేర్లు, సర్వే నంబర్లు ముఖ్యంగా.

కొండపల్లి_కోడ్
సత్యం గారూ, చాలా అవసరమైన సంగతి చెప్పారు. కోడ్‌లో దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. ఒక పేరా ఫాంటు పేరు అను, శ్రీలిపి లాంటి కుటుంబానిదై ఉండి, అందులోని అక్షరాల్లో ఒక్కటి కూడా యూనికోడ్ తెలుగు బ్లాకులో, అంటే 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ మధ్య, లేకపోతే అది పాత ఎన్‌కోడింగ్ ఫైలు. దాన్ని రెండరింగ్‌కే పంపకూడదు, పక్కన పెట్టి మనిషికి చూపించాలి.

జావా_హరిత
అసలు ఫాంటు లేనప్పుడు ఆపేయడమే సరైన పని అని నా అభిప్రాయం, అన్ని ఫైళ్లకూ. జావాలో రిపోర్టులు తీసే జాస్పర్ రిపోర్ట్స్‌లో ఫాంటు దొరక్కపోతే మామూలుగా ఎక్సెప్షన్ వస్తుంది. చాలా ప్రాజెక్టుల్లో ఎవరో ఒకరు "మిస్సింగ్ ఫాంట్‌ను పట్టించుకోకు" అనే ప్రాపర్టీని ట్రూ చేసి ఆ ఎర్రర్ నోరు మూయిస్తారు. ఆ తర్వాత నెలల తరబడి తప్పు ఫాంటుతో రిపోర్టులు వెళ్తూనే ఉంటాయి. వర్డ్ ఫైళ్లను మార్చే ఆస్పోజ్ వర్డ్స్ లైబ్రరీ వాడితే వార్నింగ్ కాల్‌బ్యాక్ పెట్టుకోవచ్చు, ఫాంట్ సబ్‌స్టిట్యూషన్ రకం వార్నింగ్ వచ్చిందంటే ఏ ఫాంటు బదులు ఏది వాడిందో అందులోనే రాసి ఉంటుంది. లిబ్రెఆఫీస్ హెడ్‌లెస్‌లో ఆ సౌకర్యం చేతికి అందేలా లేదు. స్క్రీన్ మీద అయితే లేని ఫాంటు పేరు ఇటాలిక్‌లో చూపిస్తుంది, సర్వర్‌లో అది ఎవరు చూస్తారు?

జావా వైపు ఉన్నవాళ్లకు ఇంకో మాట. పీడీఎఫ్ లైబ్రరీకి తెలుగు ఒత్తులు పేర్చడం వచ్చా అన్నది ముందు చూసుకోండి. ఐటెక్స్ట్ లైబ్రరీలో వెర్షన్ 5 దాకా అది లేదు, 7లో దానికి విడిగా క్యాలిగ్రాఫ్ అనే యాడ్-ఆన్ కావాలి. ఆస్పోజ్‌లో ఒత్తులు పేర్చే హార్ఫ్‌బజ్ ప్లగిన్ జోడించాలి. అది లేకపోతే సరైన ఫాంటు ఉన్నా "స్త్రీ" మూడు ముక్కలై పక్కపక్కన పడుతుంది. దాన్ని చూసి ఫాంటు మారింది అనుకుని రోజులు వృథా చేసుకున్నవాళ్లను చూశాను.

కొండపల్లి_కోడ్
హరిత గారూ, ఆపేయాలన్న మాట పూర్తిగా ఒప్పుకోలేను. రాత్రి బ్యాచ్‌లో వేల నోటీసులు పోతాయి. ఏదో ఒక పాత టెంప్లేట్‌లో ఖాళీ పేరాకి కేవలం స్టైల్ పేరుగా హిందీ ఫాంటు "మంగళ్" అని ఉందనుకోండి, దాని కోసం బ్యాచ్ మొత్తం ఆగిపోతే పొద్దున్నే ఫోన్లు మోగుతాయి. వర్డ్ ఫైలులో పేరు ఉన్నంత మాత్రాన ఆ ఫాంటుతో అక్షరం పడిందని కాదు.

జావా_హరిత
బ్యాచ్ ఆపమనలేదు, ఆ ఒక్క నోటీసు ఆపమంటున్నాను. చూడాల్సింది కూడా వర్డ్ ఫైలులోని పేర్లు కాదు, బయటికొచ్చిన పీడీఎఫ్‌లోని పేర్లు. పీడీఎఫ్‌ఫాంట్స్ పట్టికలో మనం ఒప్పుకున్న ఫాంట్లు తప్ప ఇంకో పేరు కనిపించినా, పేజీల సంఖ్య టెంప్లేట్‌కి రాసిపెట్టిన సంఖ్య దాటినా ఆ నోటీసు హోల్డ్‌లోకి పోవాలి. మిగతావి వెళ్లిపోతాయి. లోను నోటీసు చట్టపరంగా లెక్కలోకి వచ్చే కాగితం. సంతకం వేరే పేజీలో ఉన్న కాగితం వెళ్లడం కంటే ఒక రోజు ఆలస్యంగా వెళ్లడం నయం.

కొండపల్లి_కోడ్
అలా అయితే నాకూ సమ్మతమే. పీడీఎఫ్ మీద చెక్ పెట్టడం నేను చెప్పబోయిన దానికంటే మేలు.

పత్రలేఖ గారూ, సర్వర్ సెట్టింగుకి వస్తే, లిబ్రెఆఫీస్ ఆప్షన్లలోని ఫాంట్ రీప్లేస్‌మెంట్ పట్టిక మీద ఆధారపడకండి. అది యూజర్ ప్రొఫైల్‌లో ఉంటుంది. మీరు మీ లాగిన్‌లో పెడతారు, సర్వీసు ఇంకో యూజర్ పేరుతో నడుస్తుంది, దానికి ఆ పట్టిక ఉన్నట్టే తెలియదు. అందరికీ వర్తించాలంటే ఈటీసీ కింద ఫాంట్స్ ఫోల్డర్‌లోని లోకల్ కాన్ఫ్ ఫైలులో రాయండి. ఏలియాస్ (ఒక పేరు అడిగితే ఇంకో ఫాంటు ఇవ్వమనే రూల్) ఒకటి, ఫ్యామిలీ గౌతమి, ప్రిఫర్ కింద నోటో సాన్స్ తెలుగు. బైండింగ్‌ను సేమ్ అని పెట్టడం మరచిపోవద్దు, లేకపోతే మీ ఎంపిక బలహీనమై వేరే రూల్ గెలిచే అవకాశం ఉంది. వాణికి, నిర్మలా యూఐకి కూడా ఇలాగే రాయండి. తర్వాత ఎఫ్‌సీ-మ్యాచ్‌తో ఒక్కో పేరూ అడిగి చూడండి. అవసరం లేని తెలుగు ఫాంట్ల ప్యాకేజీలు తీసేయండి. డాకర్ (అప్లికేషన్‌ను దాని ఫైళ్లతో సహా ఒకే ఇమేజ్‌గా కట్టే సాధనం) వాడుతుంటే ఫాంటు ఫైళ్లు, ఈ కాన్ఫ్ ఫైలు రెండూ ఇమేజ్‌లోనే పెట్టండి, రెండు సర్వర్లలో రెండు ఫలితాలు రావడం దానితో ఆగిపోతుంది.

పత్రలేఖ
టెంప్లేట్ నోటో సాన్స్ తెలుగుకి మార్చాం. సీఎస్ స్లాట్లో నిజంగానే ఇంకా గౌతమి ఉంది, అక్కడ కూడా మార్చాం. కార్లిటో వేశాం, లోకల్ కాన్ఫ్ రాశాం. ఇప్పుడు రెండు సర్వర్లలో ఒకే పీడీఎఫ్ వస్తోంది, ఒకే పేజీ, సంతకం దాని చోట అది ఉంది. అందరికీ ధన్యవాదాలు.

రెండు సందేహాలు మిగిలాయి. కొన్ని పేర్లలో కింది ఒత్తు సగం తెగిపోతోంది, "లక్ష్మి"లో మ ఒత్తు, "రాష్ట్ర"లో కింది ర ఒత్తు. విండోస్‌లో గౌతమితో ఉన్నప్పుడు ఇలా లేదు. రెండోది, పీడీఎఫ్‌ఫాంట్స్‌లో నోటో, కార్లిటోతో పాటు ఇప్పటికీ డెజావు సాన్స్ కనిపిస్తోంది. హరిత గారు చెప్పిన చెక్ పెడితే ప్రతి నోటీసూ హోల్డ్‌లోకి పోతుంది.

లిపిమిత్ర
మొదటిది లైన్ స్పేసింగ్. పేరా సెట్టింగులో "ఎగ్జాక్ట్‌లీ" అని పెట్టి ఏదో అంకె ఇచ్చి ఉంటారు, లిబ్రెఆఫీస్‌లో అది "ఫిక్స్‌డ్" అవుతుంది. ఇంగ్లిష్ అక్షరానికి బేస్‌లైన్ కింద కొంచెం చోటు చాలు. తెలుగులో ఒత్తు మీద ఒత్తు పడితే రెండంతస్తుల లోతు కావాలి. ఫాంటు ఎంత చోటు అడిగినా ఎగ్జాక్ట్‌లీ దాన్ని ఖాతరు చేయదు, అంకె దాటినది కోసేస్తుంది. గౌతమిలో ఒత్తుల లోతు ఆ అంకెలో ఇమిడింది, నోటోలో ఇమడలేదు. "ఎట్ లీస్ట్" అని గానీ "మల్టిపుల్" అని గానీ మార్చండి. పేజీ మళ్లీ పెరిగితే పేరాల మధ్య ఖాళీ తగ్గించండి, వరుసల మధ్య కాదు. పట్టికల గడులకు కూడా ఎత్తు ఫిక్స్ చేసి ఉంటే అదే తెగుడు అక్కడా ఉంటుంది. పేర్లు పడేది పట్టికలోనే కాబట్టి ముందు అక్కడే చూడండి.

పరీక్షకు మామూలు పేర్లు సరిపోవు. "స్త్రీ", "రాష్ట్రం", "లక్ష్మి", "జ్యోత్స్న", "దౌర్జన్యం" లాంటి పదాలతో ఒక డమ్మీ సభ్యుడిని పెట్టుకోండి. ఫాంటు మార్చినప్పుడల్లా మొదట ఆ నోటీసే తీసి చూడండి. శీర్షికలు బోల్డ్ అయితే బోల్డ్ ఫైలు కూడా సర్వర్‌లో ఉందో లేదో చూడండి. లేకపోతే సాఫ్ట్‌వేర్ తానే అక్షరాన్ని మందం చేస్తుంది, చిన్న సైజులో మ, య, ఘ లోపలి ఖాళీలు పూడిపోతాయి.

రెండోది, బాకీ మొత్తం ముందు ₹ గుర్తు వాడుతున్నారా? ఆ భాగానికి ఏ ఫాంటు పెట్టారు?

పత్రలేఖ
అవును, బాకీ మొత్తం ముందు ₹ ఉంది. ఆ లైను సంఘం వాళ్లు ఎప్పుడో చేయించుకున్న ఒక ఇంగ్లిష్ ఫాంటులో ఉంది. పాతది. ఆ ఫైలు సర్వర్‌లో వేశాం.

లిపిమిత్ర
అదే కారణం. ₹ గుర్తును భారత ప్రభుత్వం 2010లో ఆమోదించింది, అదే ఏడాది యూనికోడ్ 6.0లో చేరింది. అంతకుముందు చేసిన ఫాంట్లలో అది ఉండదు. ఇక్కడ ఫాంటు ఉంది, ఒక్క అక్షరం లేదు. అందుకే ఆ ఒక్క గుర్తు కోసం డెజావు వచ్చింది. ఎఫ్‌సీ-మ్యాచ్ అడిగితే అంతా బాగానే ఉందంటుంది, ఎందుకంటే ఫాంటు పేరు దొరికింది కదా. పీడీఎఫ్ చూస్తేనే ఇది బయటపడుతుంది.

తెలుగులోనూ ఇలాంటివి ఉన్నాయి. ౚ అనే పాత అక్షరం 2015లో యూనికోడ్ 8.0తో వచ్చింది, నకారపొల్లు (ౝ) 2021లో 14.0తో వచ్చింది. నోటీసుల్లో అవి రావు గానీ, శాసనాలు, పాత గ్రంథాలు డిజిటైజ్ చేసేవాళ్లకు రోజూ తగులుతాయి.

మీకు రెండు దారులున్నాయి. బాకీ మొత్తం ఉన్న లైనును కార్లిటోకి మార్చి, ఆ ఫైలులో ₹ ఉందో లేదో ఎఫ్‌సీ-లిస్ట్ కమాండుకి దాని యూనికోడ్ సంఖ్య 20బీ9 ఇచ్చి చూసుకోండి. లేదా ₹ తీసేసి "రూ." అని తెలుగు స్లాట్లో రాయండి.

సత్యం_డీటీపీ
"రూ." పెట్టండి. మా ప్రెస్సులో నోటీసులన్నీ అలాగే వేస్తాం. ఏ ఫాంటు పెట్టినా అడ్డం రాదు.

పత్రలేఖ
"రూ." అనే పెట్టాం. డెజావు పోయింది, పట్టికలో ఇప్పుడు నోటో రెగ్యులర్, నోటో బోల్డ్, కార్లిటో తప్ప ఇంకేం లేవు. లైన్ స్పేసింగ్ "ఎట్ లీస్ట్" చేశాక ఒత్తులు పూర్తిగా వస్తున్నాయి, పేజీ ఒకటే. హరిత గారు చెప్పిన చెక్ కూడా పెట్టాం. నిన్న రాత్రి బ్యాచ్‌లో హోల్డ్‌లో పడినవి కొన్నే. తెరిచి చూస్తే అన్నీ ఒక బ్రాంచి పంపిన పాత టెంప్లేట్లే, ఫాంటు పేరు అనుతో మొదలవుతోంది. సత్యం గారూ, ఆ ఫైళ్లు అను 6లో చేసినవా 7లో చేసినవా ఎలా తెలుసుకోవాలి?

సత్యం_డీటీపీ
ఫాంటు పేరు ఒక్కటే చూసి చెప్పడం కష్టం. ఒక పేరా తీసుకుని రెండు మ్యాపింగులతోనూ మార్చి పక్కపక్కన పెట్టి చూడండి. తప్పు దాంతో మారిస్తే ఒత్తులు, గుణింతాల దగ్గర వెంటనే తేడా కొడుతుంది. ఆ బ్రాంచి వాళ్ల దగ్గర అచ్చైన పాత నోటీసు ఒకటి తెప్పించుకోండి, దానితో పోల్చి చదివితే అనుమానం ఉండదు. టెంప్లేట్లు కొన్నే అంటున్నారు కాబట్టి, నన్నడిగితే కన్వర్టర్ జోలికి వెళ్లకుండా ఆ కాగితం ముందు పెట్టుకుని యూనికోడ్‌లో కొత్తగా టైపు చేయించడమే త్వరగా అయిపోతుంది.